కుంకుడు రసంతో కడిగిన సీసా

ఇలా కూర్చో బుజ్జీ, ఆ కాళ్ళూపడం ఆపి సరిగ్గా విని రాయి. ఆ రోజుల్లో, అంటే డెబ్భైల్లో, మా బెజవాడలో పిల్లలు పుట్టకపోతే తప్పంతా ఆడదానిదే. మగాడికి పరీక్ష చేస్తామంటే పరువు తీసినట్టే. నేనప్పుడు గవర్నరుపేటలో ఒక డాక్టరమ్మగారి ల్యాబులో కొత్తగా చేరాను. (బీయెస్సీ పాసయ్యానని నేల మీద నడిచేదాన్ని కాదులే.)

భవానీపురం నుంచి ఒక బట్టలషాపాయన, వాళ్ళమ్మ, భార్య వచ్చేవాళ్ళు. ఆ పిల్లకి చెయ్యని పరీక్ష లేదు, అన్నీ బాగానే ఉన్నాయి. అయినా అత్తగారు చల్లపల్లిలో కొడుక్కి రెండో సంబంధం చూసేసింది. డాక్టరమ్మగారికి ఒళ్ళు మండింది. "ముందు మీవాడి వీర్యం పరీక్షకి తెండి, ముహూర్తాలు తర్వాత పెట్టుకోవచ్చు" అంది.

మర్నాడు ఆయన తువ్వాల్లో చుట్టిన సీసాతో, దొంగలా తలొంచుకుని వచ్చాడు. వెనకే తల్లీ, పెళ్ళామూ. మైక్రోస్కోపులో చూస్తే ఒక్కటీ కదలదే! "అన్నీ చచ్చి పడున్నాయండీ!" అని హాల్లో అందరికీ వినపడేలా అరిచాను. ఆయన బెంచీ మీద కూలబడ్డాడు.

డాక్టరమ్మగారికి అనుమానమొచ్చింది. "సీసా దేంతో కడిగారు?"

"చిక్కటి కుంకుడు రసంతోనండీ" అంది అత్తగారు గర్వంగా. "శుభ్రంగా ఉంటుందని అడుగున కాస్త ఉంచాను కూడా."

నాకు చదువు పొంగుకొచ్చింది. "వీర్యకణం చుట్టూ కొవ్వు పొర ఉంటుందండీ, దానికి చక్కెర అతుక్కుని ఉంటుంది. ఆ పొర బాగుంటేనే అది ఈదేది. కుంకుడు రసం తలజిడ్డు వదిలించినట్టు దాన్నీ కరిగించేసింది."

"కొవ్వూ చక్కెరా? మావాడికి ఏం తక్కువే? నెయ్యీ బెల్లం పెట్టి పెంచాను!"

"ఈ పరీక్ష చెల్లదు, మరిగించిన సీసాలో మళ్ళీ తెండి" అంది డాక్టరమ్మగారు.

"మళ్ళీనా?" అన్నాడాయన. ఈసారీ కదలకపోతే? మొహమంతా చెమట్లు. "అమ్మా, పద ఇంటికి. చల్లపల్లి వాళ్ళకి వద్దని చెప్పెయ్."

"అదేంట్రా?"

"రెండోదానికీ పుట్టకపోతే ఊరంతా అనేది నన్నే కదే!"

అత్తగారు తువ్వాలు దులిపి భుజానేసుకుని లేచింది. మెట్ల దగ్గర ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "మా అత్తగారికి కుంకుడుకాయలమ్మినవాడు చల్లగా ఉండాలక్కా" అని పమిటడ్డం పెట్టుకుని నవ్వింది.

నా సైన్సు పాఠమే ఆ పిల్ల కాపురం నిలబెట్టిందని ఎన్నాళ్ళు మురిసిపోయానో, పిచ్చిమొద్దుని! నిలబెట్టింది ఆయనగారి పిరికితనమేనని నాకూ పెళ్ళయ్యాక గానీ తెలియలేదు. ఇప్పుడు తల్చుకుంటే ఆ తెల్లకోటూ, ఆ టెక్కూ, ఆ అమాయకత్వమూ... ఆఁ, వస్తున్నానే, వడ్డించెయ్! పప్పు చల్లారితే మీ అమ్మ ఊరుకోదు, ఇదిగో ఈ ఒక్క ముక్కా రాసుకో, ఆ వయసులో నేను ఎంత