కత్తికి అంటిన ఎరుపు

ఉదయగిరి చుట్టుపక్కల నిమ్మతోటలకు ముప్పై ఏళ్లుగా మందు కలిపేది బడే సాహెబే. మైలుతుత్తం నీళ్లూ సున్నపు నీళ్లూ కలిపి, అందులో కత్తి ముంచి చూస్తాడు. కత్తి ఎర్రబారితే సున్నం చాలలేదన్నమాట. ఆ మందు కొడితే ఆకు మాడిపోతుంది.

ఈ మధ్య చూపు మసకేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకెవరు పిలుస్తారు? ఇవాళ కత్తిని ఎండకు ఎటు తిప్పినా తెల్లగానే కనిపించింది. అయినా మనసు పీకుతూనే ఉంది. చివరికి సిగ్గు విడిచి, తోట యజమానురాలు సుబ్బరత్నమ్మకు చూపించాడు.

"కత్తి ఎట్టుండాదో కొంచెం చూడమ్మా."

"ఎర్రగా ఉండాది గదా సాహెబూ! కనపడలా?"

సాహెబ్ సున్నపు నీళ్ల బిందె అందుకున్నాడు. నిన్న ఆత్మకూరులో రెండెకరాల తోటకు మందు కలిపినప్పుడు అతను ఎవరినీ అడగలేదు.