యువరాజ్ సంచిలోంచి తీసినవి

కాళమ్మ దీదీ ఆపరేషన్ థియేటర్ నర్సు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా అదే పని. కోత పెట్టే ముందు ట్రేలో ఎన్ని కత్తెరలు, ఎన్ని ఫోర్సెప్స్, ఎన్ని గాజ్ గుడ్డలు ఉన్నాయో లెక్కపెట్టాలి. కుట్లు వేసే ముందు మళ్లీ లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ కలవనిదే డాక్టరు ఎంత తొందరపడినా ఆమె సూది అందించదు. ఒకసారి గుడ్డ ఒకటి తగ్గితే పావుగంట సేపు గదంతా గాలించారట. చివరికి అది మత్తు డాక్టరు చెప్పు కింద అతుక్కుని దొరికింది.

ఆమె తండ్రి సోంపేట వైపు నుంచి చేపల వేటకని వచ్చి జంగ్లీఘాట్‌లో ఉండిపోయిన మనిషి. భర్త రాముడు హాడో రేవులో క్రేన్ నడుపుతాడు. వాళ్లకిచ్చిన క్వార్టర్ పాతదే గానీ ముందుగది పెద్దది. అందులో ఆరుగురు చుట్టూ కూర్చోగల చెక్క బల్ల ఉంది. 2022 మొదట్లో మా ఆట ఆ ఇంటికి చేరింది ఆ బల్ల కోసమే.

ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. ఎదురుగా పాడుబడ్డ కోట ఉంది, ఏం చేస్తారని కథ నడిపే మనిషి అడిగితే మనం చెప్పాలి. చెప్పింది నెగ్గుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. మాకు కథ నడిపేది కాళమ్మ దీదీ అక్క కూతురు ధరణి. గవర్నమెంటు ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. గోల్ ఘర్‌లో మొబైల్ రిపేరు షాపున్న లోహిత్‌ది మంత్రగాడి పాత్ర. నా పేరు సుష్మ, ఫెరార్గంజ్ బడిలో సైన్సు చెబుతాను. ఆటలో కత్తి పట్టిన యోధురాలిని. దీవుల మధ్య తిరిగే ఓడలో ఖలాసీగా పనిచేసే యువరాజ్‌ది వైద్యుడి పాత్ర. అతని మంత్రాలు గాయాలు మాన్పుతాయి.

ఈ పాత్రల వివరాలన్నీ ధరణి లాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. ఒక్కో పాత్రకి ఒక్కో పేజీ. ఒకవైపు సామాను: ఒంటి మీద ఏముంది, సంచిలో ఏముంది, బరువెంత. రెండోవైపు మంత్రాలు: ఏవేవి వచ్చు, ఈ రోజుకి ఏవి సిద్ధం చేసుకున్నాడు, ఇంకా ఎన్నిసార్లు వాడగలడు. ఎవరి పేజీ వాళ్లు ఫోన్లో కూడా తెరుచుకోవచ్చు. కథ చెబుతూ అవన్నీ మార్చడం ధరణికి కుదిరేది కాదు. మేమూ పట్టించుకునేవాళ్లం కాదు.

మొదటి మూడు నెలలు కాళమ్మ దీదీ మాకు టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఒక ఆదివారం లోహిత్ లోయ దాటడానికి తాడు విసిరానని చెప్పాడు. లోపల చేపలు కడుగుతున్న ఆమె అక్కణ్నుంచే అంది.

“ఆ తాడు పోయినోరం నూతిలో ఒగ్గీసి ఒచ్చినారు గదా. మళ్లీ ఎక్కడ్నించి ఒచ్చినాది?”

మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నూతిలోంచి హడావుడిగా పైకి వచ్చినప్పుడు తాడు విప్పుకోలేదు, నిజమే. ధరణి లేచి వెళ్లి లాప్‌టాప్ తెచ్చి, చేతులు తుడుచుకుంటున్న పిన్ని ముందు పెట్టింది. ఇకనుంచి ఇది నువ్వే చూడమంది.

ఆమెకి పని పట్టుబడడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఆసుపత్రి ఇంగ్లీషు ఉంది కాబట్టి పేర్లు చదవడం కష్టం కాలేదు. మంత్రాల దగ్గరే ఆగింది. లోహిత్‌కి పద్నాలుగు మంత్రాలు వచ్చినప్పుడు రోజుకి ఆరే ఎందుకు వాడాలని అడిగింది. ధరణి మూడుసార్లు వివరించింది. నాలుగోసారి ఆమే చెప్పుకుంది: బీరువాలో అన్నీ ఉంటాయి, ఇవాళ్టి కేసుకి ట్రేలో సర్దినవే చేతికొస్తాయి. ఆ రోజు నుంచి మా బల్ల దగ్గర ఆ మాటే నిలిచిపోయింది. లోహిత్ ఎగిరే మంత్రం వేస్తానంటే, అది ట్రేలో లేదు బాబూ అనేది.

తర్వాత బరువు. మోయగల బరువుని లెక్కించే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది గానీ మేం దాన్ని ఆపేసి ఉంచాం. ఆమె ఆన్ చేసింది. నా యోధురాలి దగ్గర రెండు ఇనప డాళ్లు, నలుగురి తిండి, ఎక్కడో గుళ్లో పెకలించిన రాతి విగ్రహం తల ఉన్నాయని తేలింది. అడుగు తీసి అడుగు వేయలేదు. విగ్రహం తల దారిలో వదిలేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఫెరార్గంజ్ బస్సులో నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆటకి కోపమేమిటని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

ఆట కాస్త నెమ్మదించింది. అయినా బాగుండేది. ఉన్నది ఒక్క తాడే అని తెలిస్తే దాన్ని ఎక్కడ వాడాలో కూర్చుని ఆలోచించేవాళ్లం.

యువరాజ్ మూడు వారాలకొక ఆదివారం దొరికితే గొప్ప. అతని ఓడ హట్ బే, కార్ నికోబార్, నాన్‌కౌరీ మీదుగా క్యాంప్‌బెల్ బే దాకా వెళ్తుంది. గాలివాన పడితే ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది. అతను రాని రోజుల్లో కూడా అతని వైద్యుడు కథలో మాతోపాటే నడిచేవాడు. ధరణే అతన్ని నడిపించేది.

2023 వానల ముందు, చాలా రోజుల తర్వాత యువరాజ్ వచ్చాడు. ఆ రోజు పెద్ద పోరు పడింది. యువరాజ్ వైద్యుడు వెండి డాలు తీశాడు. ఆరు సీసాల గాయాల మందు తీశాడు. ప్రాణం పోయినవాణ్ని లేపే మంత్రం కూడా ట్రేలో ఉందన్నాడు. మేం సంబరపడ్డాం. లోహిత్ అతని భుజం తట్టాడు. కాళమ్మ దీదీ లాప్‌టాప్ తెరని అడుగుదాకా జరిపింది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో అడుగున ఒక చిట్టా ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో దాంట్లో పడుతుంది. డాలు, మందులు, మంత్రం, మూడూ బుధవారం మధ్యాహ్నం యువరాజ్ ఫోన్ నుంచి చేరాయి. ఆ మధ్యాహ్నం అతని ఓడ హట్ బేలో ఉంది. తర్వాత జరిగింది నాకు ఆమే చెప్పింది.

మేం వెళ్లిపోయాక, బల్ల జరపాలనే వంకతో అతన్ని ఉండమంది. వరండాలో కూర్చోబెట్టి తెర చూపించింది. మొదట నెట్‌వర్క్ గడబిడ అన్నాడు. ఆమె తేదీ, టైము వేలితో చూపించింది. అతను లాప్‌టాప్ ఆమె వైపు తోశాడు.

“మంచిదే దీదీ. నాది సూసినారు. ఇంకొంచెం పైకి జరపండి, మీది కూడా సూడండి.”

ఆమె జరిపింది. ఆమె పేరుతోనే ఉన్నాయి. యువరాజ్ సంచిలోంచి మందు సీసా ఒకటి, సుష్మకి. యువరాజ్ మంత్రం రెండుసార్లు, వంతెన దగ్గర లోహిత్ మీద. యువరాజ్ సంచిలోంచి దీపం నూనె. అతను కోటలో గెలుచుకున్న చప్పుడు కాని బూట్లు, సుష్మకి. ఏడాదిలో పదకొండు సార్లు, అన్నీ అతను ఓడలో ఉన్న ఆదివారాలే. అదే రోజుల్లో మాకు దొరికినవి ఎవరెవరికి పంచారో కూడా ఉంది. నేను, లోహిత్. యువరాజ్ పేరు ఎక్కడా లేదు.

“నా మనిషి మీతోటే నడిసినాడు గదా. మందులిచ్చినాడు, మంత్రాలేసినాడు. పంచుకునేటప్పటికి మాత్రం నాను ఓడలో ఉన్నాను. హర్ బార్. పెతీసారీ ఇదే.”

ఆమె ఆ పదకొండూ మళ్లీ చదివిందట. లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఎవరి సంచి అని మాత్రం ఆమె అడగలేదు. చివరికి అతనితో మూడు సంగతులు చెప్పింది. దొంగచాటుగా చేర్చినవి తీసేస్తుంది. అతను చేసింది అతనే అందరికీ చెప్పాలి, ఆమె చెప్పదు. ఆమె చేసింది ఆమె చెబుతుంది. యువరాజ్ సరేనన్నాడు. మంగళవారం ఓడెక్కాడు. దక్షిణాన గాలివాన పట్టి మూడు ఆదివారాలు రాలేదు.

ఆ మూడు ఆదివారాలూ ఆమె అతని పేజీ తెరవలేదు. రెండో ఆదివారం నేలమాళిగలో లోహిత్ మంత్రగాడికి చావుదెబ్బ తగిలింది. లోహిత్ ఎప్పటిలాగే వైద్యుడి మంత్రం వేయమన్నాడు.

“ఆ పేజీ తెరవను. మనిషి లేడు గదా,” అంది కాళమ్మ దీదీ.

అతను పరిహాసమనుకుని నవ్వాడు. పరిహాసం కాదని తెలిశాక ముఖం ఎర్రబడింది. ఏడాదిన్నరగా పెంచిన పాత్ర అది. ఆట మాత్రమే కదా పిన్నీ, తెరిచెయ్యి అని ధరణి బతిమాలింది. కారణం చెప్పాలంటే యువరాజ్ సంగతి చెప్పాలి. ఆమె చెప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాచికలు పడ్డాయి, మంత్రగాడు చచ్చిపోయాడు. లోహిత్ తన పాచికలు జేబులో వేసుకుని టీ తాగకుండా వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. నేను గోల్ ఘర్‌లో షాపుకి వెళ్లాను. ఫోన్ వెనక మూత ఊడదీస్తూ తలెత్తకుండా, ఆమె మనల్ని కూడా పేషెంట్లనుకుంటోంది అన్నాడు. నాకప్పటికి అసలు విషయం తెలియదు. నేనూ అవునన్నాను.

ఓడ తిరిగొచ్చిన వారం కాళమ్మ దీదీయే లోహిత్‌కి ఫోన్ చేసింది. ఒక్కసారి రా, ఆ తర్వాత నీ ఇష్టం అంది. అందరం కూర్చున్నాం. యువరాజ్ ఎక్కువ మాట్లాడలేదు. ఆ డాలు, ఆ మందులు, ఆ మంత్రం తనే రాసుకున్నానని, తప్పేనని చెప్పాడు. వెంటనే ఆమె లాప్‌టాప్ తిప్పి తన పదకొండు వరుసలు పైకి చదివింది. ఏ తేదీ, ఏం తీసింది, ఎవరికిచ్చింది. అందులో నా పేరు ఐదుసార్లు వచ్చింది. ఆ బూట్లు అప్పటికీ నా యోధురాలి కాళ్లకే ఉన్నాయి. అవి ఎవరివని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. తల దించుకుని బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాను.

లోహిత్ అన్నీ విని ధరణి వైపు తిరిగాడు. “అంటే ఆ వంతెన దగ్గర నేను బతికింది వీడి మంత్రంతోనా?”

ధరణి అవునంది. రెండుసార్లు అని కూడా చెప్పింది.

లోహిత్ యువరాజ్‌తో, ముందే చెప్పొచ్చు కదా భయ్యా అన్నాడు. నెలకొక ఆదివారం దొరుకుతుంది, దొరికిన రోజు తగువెందుకని ఊరుకున్నానన్నాడు యువరాజ్.

దొంగ సామాను తీసేశారు. బూట్లు నేను తిరిగిచ్చాను. తాగేసిన మందుల్ని ఎలాగూ వెనక్కి పెట్టలేం. మిగిలిన వాటిలో అతని వాటా కాళమ్మ దీదీ విడదీసి రాసింది. అప్పట్నుంచి మనిషి రాకపోతే అతని పాత్ర కూడా కథలో ఎక్కడో ఆగిపోతుంది. ఎవరో జ్వరంతో పడి ఉన్నారనో, పడవ తప్పిపోయిందనో ధరణి ఏదో ఒకటి కల్పిస్తుంది. దొరికినవన్నీ ఉమ్మడి పెట్టె అనే పేజీలో పడతాయి, అందరూ వచ్చిన రోజే అది తెరుస్తారు. దీనివల్ల ఒక్కోసారి రెండు నెలల దాకా మాకు కొత్త సామానే ఉండదు. దానికీ గొణిగాం.

యువరాజ్ వైద్యుడికి ఆ ప్రాణం పోసే మంత్రం నాలుగు నెలల తర్వాత నిజంగానే వచ్చింది. చచ్చిపోయిన మంత్రగాణ్ని లేపుదామన్నాడు. అప్పటికే లోహిత్ ఒక డోలు వాయించేవాణ్ని కొత్త పాత్రగా పెట్టుకుని ఆడుతున్నాడు. అతనికి ఈ కొత్తవాడే నచ్చాడు. పాతవాణ్ని ఆ నేలమాళిగలోనే ఉండనీ అన్నాడు. మేం బలవంతపెట్టలేదు.

కిందటేడు కాళమ్మ దీదీ తనకీ ఒక పాత్ర కావాలంది. ఏమీ అడక్కుండా ఇన్నాళ్లు కూర్చున్న మనిషి కాబట్టి ఏం ఎంచుకుంటుందోనని మాకు కుతూహలంగా ఉంది. సమ్మెట పట్టిన కమ్మరి ఆడమనిషిని ఎంచుకుంది. మంత్రాలు ఒక్కటీ వద్దంది. తన సామాను తను రాసుకోనని, లోహితే రాయాలని షరతు పెట్టింది. లోహిత్ ఒప్పుకున్నాడు, చాలా కచ్చితంగా రాస్తున్నాడు.

ఆటలో ఆమె మరో మనిషి. ముందు చూడదు, వెనక చూడదు. తిండి ఎంతుందో అడగదు. పోయిన ఆదివారం వాన పడుతోంది, యువరాజ్ కూడా వచ్చాడు. ధరణి ఇంకా గది ఎలా ఉందో చెబుతూ ఉండగానే తలుపు పగలగొడతానంది. గడియ వేసి లేదు పిన్నీ, తోస్తే చాలు అంది ధరణి. అయినా పగలగొడతానంది. పాచిక చెడ్డగా పడింది. సమ్మెట పిడి విరిగిందని లోహిత్ రాసుకున్నాడు. ఇంకొకటి లేదా అని ఆమె అడిగింది. లోహిత్ ఆమె పేజీ మొత్తం పైనుంచి కిందకి చదివి, లేదన్నాడు.