మూడు కాపీల మాస్టారు

మా అన్నయ్యని మా వీధిలో మూడు కాపీల మాస్టారు అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆయన బడిపంతులేమీ కాదు. మందుల షాపుకీ, తాళంచెవులు చేసే అతని బడ్డీకీ మధ్య ఇరుక్కున్న చిన్న ఫోటో స్టూడియో ఆయనది. పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు, చిరిగిన పాత ఫోటోలు బాగుచేస్తాడు, ఆదివారం పొద్దున పదిమందిని కూర్చోబెట్టి కెమెరా పాఠాలు చెబుతాడు. కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటోలు సరిదిద్దేదీ, దాచేదీ నేను. పదేళ్ళ నుంచీ నాది అదే కుర్చీ.

ఆ పాఠాలు వినాలి మీరు. "మాస్టారూ, ఏ కెమెరా కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే కంపెనీ పేరు చెప్పడు. "లీటరు నీళ్ళ సీసా మెడకి తగిలించుకుని గంటసేపు బజారంతా తిరిగి రండి. మెడ పట్టెయ్యకపోతే పెద్దది కొనుక్కోండి, పట్టేస్తే చిన్నది," అంటాడు. చెప్పుల షాపులో, మందుల షాపులో పారేసే తేమ పీల్చే పొట్లాలన్నీ ఏరుకొచ్చి, లెన్సులకి బూజు పట్టకుండా డబ్బాల్లో వేస్తాడు. "ఇంత పేరున్న మాస్టారు చెత్తబుట్టలు వెతకడమేంటండీ" అని మా వదిన తల పట్టుకుంటుంది. ఫోటోలు దాచే మెమరీ కార్డు పెద్దది ఒకటి కొంటే చాలదా అని ఒకాయన అడిగితే, "చాలు. పోయినప్పుడు అన్నీ ఒక్కసారే పోతాయి, వెతుక్కునే పని ఉండదు," అన్నాడు.

చివర్లో వచ్చేది కాపీల పాఠం. "కంప్యూటర్లో ఒకటి. విడిగా హార్డ్ డిస్క్‌లో ఒకటి. మూడోది వేరే కప్పు కింద. మూడూ ఒకే ఇంట్లో పెట్టుకుంటే, ఆ ఇంట్లోకి నీళ్ళొచ్చినరోజు మూడూ కలిసే మునుగుతాయి. కాపీ చేశాక తెరిచి చూడండి. చూడకుండా కార్డు తుడిచేసినవాణ్ణి నేను, నా మాట వినండి." ఆ తర్వాత నా వైపు చెయ్యి చూపిస్తాడు. "మా మూడో కాపీ మా చెల్లెలి ఇంట్లో, బీరువాలో ఉంటుంది. దాని చేతిలో పడిందంటే ఇక యముడొచ్చి అడిగినా ఇవ్వదు." అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం నవ్వుతూనే ఉన్నాను. సిగ్గులేని మొహం నాది.

అన్నయ్య పుట్టుకతో ఇలాంటి జాగ్రత్తపరుడు కాదు. ఒకప్పుడు కార్డుల్ని చొక్కా జేబులో చిల్లరతో పాటు వేసుకు తిరిగేవాడు. ఇళ్ళకి వెళ్ళి ఫోటోలు తీయడమంటే ఆయనకి ప్రాణం. కర్రలా బిగుసుకుపోయిన మనిషిని రెండు మాటల్లో నవ్వించి, ఆ నవ్వు ఆరకముందే పట్టేసేవాడు. అలాంటివాడు ఎవరింటికీ వెళ్ళకుండా మానేసి ఆరేళ్ళయింది. ఎందుకు మానేశాడో వీధి వీధంతా చెబుతుంది. అసలు సంగతి మాత్రం నాకొక్కదానికే తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదని వదిన దెప్పుతుంటుంది. ఈ ఒక్క గింజా ఆరేళ్ళు నానింది.

మా స్టూడియోలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఎనిమిది కార్డులు. ఖాళీ కార్డు వెల్లకిలా పెట్టాలి, ఫోటోలున్న కార్డు బోర్లా పెట్టాలి. బోర్లా ఉన్నదాన్ని నేను కాపీ చేసి, ఖాళీ చేసి, వెల్లకిలా తిప్పుతాను. వెల్లకిలా ఉన్నదాన్ని అన్నయ్య ఇక చూడక్కర్లేకుండా కెమెరాలో పెట్టి ఫార్మాట్ చేస్తాడు, అంటే లోపల ఏమున్నా తుడిచేస్తాడు. రాత లేదు, చీటీ లేదు. అన్నాచెల్లెళ్ళ మధ్య చీటీ ఎందుకు అనుకునేవాళ్ళం.

ఆ రోజు అన్నయ్య మా వీధి చివర బట్టలు కుట్టే అక్క ఇంటికి వెళ్ళొచ్చాడు. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసే పెద్దాయన. ఎనభై దాటినా, గుర్తింపు కార్డు మీద దొంగతనంలో దొరికినట్టున్న బొమ్మ తప్ప ఆయనకి ఒక్క ఫోటో లేదు. "నా మొహం అద్దానికే నచ్చదు, కెమెరాకేం నచ్చుతుంది" అని తప్పించుకునేవాడట. కూతురు కొత్త చొక్కా కుట్టి తొడిగి, బతిమాలి కూర్చోబెట్టింది. అన్నయ్య ఏమన్నాడో గానీ, ఆయన పళ్ళు లేని నోటితో పకపకా నవ్వాడు. కెమెరా వెనక తెరమీద ఆ నవ్వు చూసి అక్క కళ్ళు తుడుచుకుందని వచ్చి చెప్పాడు. కార్డు బోర్లా పెట్టి, "రేపు పొద్దున చెయ్యవే, తొందరేం లేదు," అని భోజనానికి వెళ్ళాడు.

నేను బల్ల తుడుస్తున్నాను. మోచెయ్యి తగిలి డబ్బా కింద పడింది. కార్డులు గవ్వలు వేసినట్టు చెదిరాయి, కొన్ని బోర్లా, కొన్ని వెల్లకిలా. ఒక్కోదాన్నీ కంప్యూటర్‌కి పెట్టి చూస్తే పది నిమిషాల పని. పది నిమిషాలు! నాకు గుర్తుందిలే అనుకున్నాను. అంచు గీసుకుపోయిన కార్డు ఇదే కదా అని దాన్ని బోర్లా పెట్టి, మిగతా ఏడూ వెల్లకిలా సర్దేశాను. సాయంత్రం అన్నయ్య ఆ ఏడింట్లోంచి ఒకటి తీసి, నాలుగో రోజున్న పెళ్ళి కోసం కెమెరాలో పెట్టి, ఫార్మాట్ చేసి, సంచి జిప్పు లాగాడు.

మర్నాడు పొద్దున బోర్లా కార్డు తెరిస్తే ఖాళీ. మిగతా ఆరూ తెరిచాను, ఖాళీ. పెద్దాయన అన్నయ్య సంచిలో ఉన్నాడని అర్థమైంది.

నా పాపం డబ్బా పడెయ్యడం కాదు. డబ్బా ఎవరి చెయ్యి తగిలినా పడుతుంది. పాపం ఆ తర్వాతది. ఫార్మాట్ చేసినంత మాత్రాన ఫోటోలు పోవని అన్నయ్యే నాకు నేర్పాడు. పుస్తకంలో విషయసూచిక చించేసినట్టే అది, పేజీలు లోపలే ఉంటాయి. వాటిమీద కొత్త ఫోటోలు పడకముందే కార్డు తీసి పక్కన పెడితే, వెనక్కి రప్పించే సాఫ్ట్‌వేర్ మా కంప్యూటర్లోనే ఉంది. కావలసింది ఆ కార్డు ఒక్కటే. కార్డు కావాలంటే సంచి అడగాలి. సంచి అడిగితే ఎందుకంటాడు. "మా చెల్లి చెయ్యి పడితే తాళం పడ్డట్టే" అని ఊరంతా చెప్పుకునే మనిషికి, తాళం ఊడిందని ఏ మొహంతో చెప్పను?

మొదటి రోజు రేపు చెబుదామనుకున్నాను. రెండో రోజు వదినకి జ్వరమొచ్చింది, నాకు వంక దొరికింది. మూడో రోజు సంచి ఒంటరిగా దొరుకుతుందేమోనని కాపు కాశాను, ఆయన దాన్ని భుజం మీంచి దించలేదు. నాలుగో రోజు పొద్దున ఆయన స్టూడియో మెట్లు దిగుతుంటే "అన్నయ్యా!" అని పిలిచాను.

వెనక్కి తిరిగాడు. "ఏంటే?"

"బ్యాటరీలు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాలే," అని వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళిలో ఆ కార్డు మీద తొమ్మిది వందల ఫోటోలు తీశాడు. ఆలస్యం అమృతం విషం అంటారు. నా విషయంలో అది సామెత కాదు.

ఆయన లేనప్పుడు ఆ కార్డుని దొంగచాటుగా తీసి, సాఫ్ట్‌వేర్ పెట్టి లోపల వెతికాను. ఒకే ఒక్క ఫోటో, అదీ ముక్క వచ్చింది. పైన గోడ, ఆయన నెరిసిన జుట్టు, కనుబొమలు. అక్కడ్నించి కిందికంతా బూడిదరంగు. ఆయన నవ్వు ఆ బూడిదరంగులో పోయింది. ఆ ముక్కని ప్రింటు తీసి, ఎవరికీ చూపించకుండా దాచాను.

తర్వాత అన్నయ్య పెద్దాయన ఫోటోలేవని అడిగితే, కార్డులో లేవన్నాను. అది అబద్ధం కాదు, అబద్ధానికి తోబుట్టువు. ఆయన డబ్బా ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. "నేనే వెల్లకిలా పెట్టుంటానే. ఆ రోజు ఆకలి మీదున్నాను," అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఆయన వెళ్ళి అక్క ముందు తల దించుకుని, తప్పంతా నాదే, మళ్ళీ తీస్తానని బతిమాలాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. "ఒకసారి నవ్వాను కదా నాయనా, ఇంక లేదు," అన్నాడట. మూడు వారాలకి ఆసుపత్రిలో పోయాడు. గోడకి తగిలించడానికి ఆ గుర్తింపు కార్డు బొమ్మనే పెద్దది చేయించుకున్నారు. దాన్ని పెద్దది చేసింది నేనే.

అన్నయ్య డబ్బా పారేశాడు. మూడు కాపీలు మొదలయ్యాయి, ఇళ్ళకి వెళ్ళడం ఆగిపోయింది. జనం నవ్వే ఆయన చాదస్తమంతా నా నాలుగు రోజుల మౌనంలోంచి పుట్టింది.

మొన్న బుధవారం ఆ అక్క స్టూడియోకి వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

"మాస్టారూ, అమ్మని ఫోటో తీయాలి. మనుషుల్ని మర్చిపోతోంది. నిన్న నన్నే, 'ఎవరమ్మా నువ్వు, కొలతలివ్వడానికొచ్చావా' అంది." నవ్వబోయి ఆగింది. "నవ్వడం మాత్రం ఇంకా మర్చిపోలేదు. అదీ పోకముందే మీరోసారి రావాలి."

"నేనొద్దక్కా. నా దగ్గర నేర్చుకున్నావిడ ఒకరున్నారు, చాలా బాగా తీస్తారు. పంపిస్తాను."

"మా నాన్నని నవ్వించింది మీరొక్కరే. నేను కళ్ళారా చూశాను."

"చూసిందాన్ని మీకు మిగల్చలేకపోయాను కదక్కా. నాన్నని పోగొట్టినవాడి చేతిలో అమ్మని పెట్టకండి."

"ఆదివారం దాకా చూస్తాను మాస్టారూ," అని ఆమె మెట్లు దిగింది. అన్నయ్య లెన్సు మీద దుమ్ము ఊదుతూ కూర్చున్నాడు. దానిమీద దుమ్మేమీ లేదు. ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే ఆ తల్లి నవ్వు కూడా నా ఖాతాలోనే పడుతుందని భయమేసింది.

"అన్నయ్యా, ఆ కార్డు నువ్వు బోర్లానే పెట్టావు."

ఆయన చెయ్యి ఆగింది. అంతా చెప్పాను. డబ్బా, అంచు గీసుకుపోయిన కార్డు, మర్నాటి పొద్దున, నాలుగు రోజులు. ఆయన ఎందుకు చెప్పలేదని అడగలేదు.

"అయితే ఆ రోజు మెట్ల మీద పిలిచింది..."

"దానికే."

"బ్యాటరీలని అడిగావు."

"ఊఁ."

తిడతాడనుకున్నాను. తిడితే ఎంత బాగుండేది! లెన్సుకి మూత పెట్టాడు, అది సరిగ్గా పడలేదు, మళ్ళీ పెట్టాడు. "ఆరేళ్ళు," అన్నాడు, నాతో కాదు. అప్పుడు నా వైపు తిరిగి, "అక్కకి నువ్వే చెప్పాలి. నేను రాను," అన్నాడు.

వెళ్ళాను. ఆమె చొక్కాకి గుండీలు కుడుతోంది. చెప్పడం అయ్యాక ఆ ప్రింటు ముక్క తీసి ఇచ్చాను. కనుబొమల కింద బూడిదరంగు మీద వేలు పెట్టి, అలాగే ఉంచింది.

"ఆ నాలుగు రోజుల్లో చెప్పుంటే నాన్న ఫోటో వచ్చేదా?"

ఏమో, చెప్పలేం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "వచ్చేదక్కా."

ఆమె దారం పళ్ళతో తెంపింది. "నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ అన్నయ్య చూడ్డానికొస్తే, గుమ్మంలోంచే పంపించేశాను. ఏం పాపం చేశాడని?" ఆమె ఆ ముక్కని కుట్టుమిషన్ సొరుగులో పెట్టి మూసింది. "ఆదివారం మాస్టార్ని రమ్మను. నువ్వు రాకు."

ఆదివారం పాఠం లేదని తలుపుకి కాగితం అంటించి అన్నయ్య వెళ్ళాడు. ఒంటిగంటకి తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. తెరమీద ఆ తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వెనక గోడ మీద గుర్తింపు కార్డు బొమ్మ. అన్నయ్య ఒక్కో ఫోటో తెరిచి చూశాడు. కంప్యూటర్లో ఒక కాపీ, హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ. మూడో డిస్క్ ఊడదీస్తుంటే అలవాటు కొద్దీ చెయ్యి చాపాను.

"ఇది అక్క దగ్గరే ఉంటుంది," అన్నాడు. "అదీ వేరే కప్పే కదా. నీ బీరువాలో ఉన్నవి కూడా రేపు పట్రా."

పదకొండు డిస్కులు. బట్టల మడతల్లోంచి ఒక్కొక్కటే తీసి, అన్నీ తెరిచి చూసుకుని, సంచిలో సర్దాను. ఒక్క ఫోటో కూడా పోలేదు. పొద్దున సంచి బల్లమీద పెట్టి, "అన్నీ ఉన్నాయి అన్నయ్యా, నేను చూశాను," అన్నాను.

ఆయన తల ఊపాడు. పైనున్న డిస్క్ తీసి, కంప్యూటర్‌కి తగిలించి, మొదటి ఫోటో తెరిచి చూశాడు.