మా వీడియో ప్లేయర్‌ను స్టోర్ నుంచి తీసేసిన వారం

డిగ్రీ ముగిసిన ఏడాది, తమిళుల ఆడి నెలలో, వేలూరులోని ఒక చిన్న యాప్ కంపెనీలో సపోర్ట్ ఉద్యోగంలో చేరాను. ఆడిలో కొత్త పని మొదలుపెట్టకూడదని అమ్మ అన్నది. కంపెనీ ఆగనన్నది. మా ఊరు గుడియాత్తం నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఆఫీసులో మేం ముగ్గురమే: యజమాని మురళి గారు, కోడ్ రాసే దినకరన్, నేను. ఫోన్‌లోని వీడియోలు చూపించే ఉచిత ప్లేయర్ ఒక్కటే మా సరుకు. దాని మధ్యలో వచ్చే ప్రకటనలే ఆదాయం. యాప్‌లు దొరికే స్టోర్‌లో వాడేవాళ్లు రాసే అభిప్రాయాలు చదివి జవాబివ్వడం, ముఖ్యమైనవి మురళి గారికి పంపడం నా పని. నాకు మాట్లాడటం కంటే రాయడం సులువు కాబట్టి అది కుదిరింది.

ఒక్క స్టారే ఇచ్చే అభిప్రాయాలన్నీ పోటీ కంపెనీ రాయిస్తున్నదని మురళి గారి అనుమానం. ఈ వ్యాపారంలో అలా చేసేవాళ్లు ఉన్నమాట నిజమే. వీడియో చూపించడానికి యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు ఎందుకు అడుగుతున్నదని ఒకరు రాస్తే, దాన్ని మురళి గారికి పంపాను. "మన యాప్ అట్లాంటిది అడగదే. ఇది వాళ్ల పనే" అని తోసేశారు. పరీక్షకు వాడే ఆఫీసు ఫోన్లలో తెరిచి చూశాను. ఏమీ అడగలేదు. నేనూ ఆ రాసినవాళ్లనే అనుమానించాను.

ఒక శుక్రవారం ఉదయం మా యాప్ స్టోర్‌లో కనిపించలేదు. వాడేవాళ్ల సమాచారం అనవసరంగా తీసుకుంటున్నందువల్ల తొలగించామని నోటీసు వచ్చింది. అప్పీలు చేసుకోవచ్చు. అందులో అబద్ధం చెప్పినట్టు తేలితే మాత్రం ఖాతానే మూసేస్తారని, ఖాతా పోతే కంపెనీ లేదని దినకరన్ చెప్పాడు.

మురళి గారు కోపం వస్తే తెలుగు నుంచి తమిళంలోకి మారేవారు. ఆ రోజంతా తమిళంలోనే ఉన్నారు. లోపలివాళ్లే ఎవరో పోటీ వాళ్లకు ఉప్పందించి ఉంటారన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఏమ్మా, బస్సులో ఎవురితోనన్నా మన పని సంగతి మాట్లాడినావా?" అని తెలుగులో అడిగారు.

"ఆ పిల్ల మనతోనే మాట్లాడదు సార్. ఊరోళ్లతో ఏం మాట్లాడతాది?" అన్నాడు దినకరన్.

ఇది పోటీ కంపెనీ కుట్ర అని అప్పీలు రాసి సోమవారానికి సిద్ధం చేయమని మురళి గారు నాకే అప్పగించారు. రాయకపోతే నా మీద అనుమానం గట్టిపడుతుంది.

ఆదివారం చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. పేర్ణాంబట్టులో బూట్ల పైభాగాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెకు పని. కొత్త ఫోన్ కొన్నది. "మీ వీడియోది యాడుండాది పాపా? ఎంత ఎతికినా దొరకలా" అన్నది. మా వైపు స్టోర్‌లో వెతికేవాళ్లు తక్కువ. యాప్‌ను ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పంపుకుంటారు. అమ్మ ఫోన్ నుంచి ఆమె ఫోన్‌కు పంపి తెరిచాను. కాంటాక్టులు చూడటానికి అనుమతిస్తారా అని తెర మీద ప్రశ్న వచ్చింది. చిన్నమ్మ వేలు అప్పటికే దాని మీదికి పోతున్నది. చెయ్యి పట్టుకున్నాను.

"వదులు పాపా. అదేం అడిగినా సరే అనాల, లేకుంటే పాట రాదు. అంగడాయన చెప్పినాడు."

"నేనూ అట్లే నొక్కినా. మా పాప కంపెనీదే కదా అని" అన్నది అమ్మ.

అప్పుడు అర్థమైంది. ఆఫీసు ఫోన్లలో మేం యాప్‌ను ఎన్నడూ పూర్తిగా తీసేయలేదు. కొత్త వెర్షన్‌ను పాతదాని మీదే వేసేవాళ్లం. ఒకసారి అనుమతిస్తే ఫోన్ మళ్లీ అడగదు.

సోమవారం అప్పీలు రాయకుండా వెళ్లాను. మురళి గారి బల్ల మీద ఆఫీసు ఫోన్ పెట్టి, యాప్ తీసేసి, మళ్లీ వేసి తెరిచాను. ప్రశ్న వచ్చింది.

"ఎవురప్పా పెట్టింది దీన్ని?" అన్నారాయన దినకరన్‌తో.

"మీరిచ్చిన ప్రకటనల కిట్టే సార్. ఊరికే ఇస్తా ఉండారు, వేసేయమంటిరి."

కిట్ అంటే వేరే కంపెనీ రాసిచ్చే కోడ్. యాప్‌లో కలిపితే ప్రకటనలు చూపిస్తుంది. ఇది కాంటాక్టులు కూడా తీసుకుంటున్నది. కలిపిన రోజు ఈ ప్రశ్న రాలేదా అని నేను అడిగితే, "వచ్చే ఉంటాది. తొందరలో సరే నొక్కింటా" అన్నాడు దినకరన్.

కిట్ తీసేసి, జరిగింది ఉన్నదున్నట్టు రాసి పంపాం. కొన్ని వారాలకు యాప్ తిరిగి స్టోర్‌లోకి వచ్చింది. మురళి గారు మాత్రం ఇదంతా నీకెట్లా తెలిసిందని నన్ను రెండుసార్లు అడిగారు. చిన్నమ్మ ఫోన్ సంగతి చెబితే నమ్మలేదు. ఖాతా పాస్‌వర్డ్ మార్చి, కొత్తది నాకు ఇవ్వలేదు. ఏడాది తిరిగేలోపు ఆ ఉద్యోగం మానేశాను.

పరీక్షకు వాడే ఫోన్‌ను ప్రతి వెర్షన్‌కూ ఖాళీ చేసి మొదలుపెట్టాలి. ఫిర్యాదు రాసింది ఎవరన్నది ఒక ప్రశ్న, అందులో ఉన్నది నిజమా అన్నది ఇంకొకటి. మేం మొదటిదాన్నే పట్టుకుని కూర్చున్నాం. రెండోదానికి జవాబు కొన్ని నిమిషాల పని.