బంగారు పళ్ళ మీద ఎర్రరంగు

ఎనభైల చివర్లో ఆదోనిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేవాణ్ణి. మా యజమాని, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు ఒకటి కొనుక్కొచ్చి, దాని మీద నేర్పే పని నాకప్పగించాడు. తెర మీద అక్షరాలు చూపించే కార్డు దాని లోపల ఉండేది. అది బాగా పాతది. నెలకోసారి అక్షరాలు చెల్లాచెదురయ్యేవి.

అప్పుడు ఎమ్మిగనూరు నుంచి మెకానిక్ బస్సెక్కి వచ్చేవాడు. రేడియోలు బాగుచేసి చేయి తిరిగిన మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. కార్డు పీకి, దాని అంచున మెరిసే బంగారు పూత పళ్ళను పిల్లల రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చేవాడు. తెర బాగయ్యేది. రబ్బరు మాత్రం జేబులో వేసుకుని పోయేవాడు.

ఆ రబ్బరు నా ప్రాణం తీసింది. రుద్దిన బంగారం ఎటు పోతున్నట్టు? పాత కమ్మలు కరిగించడానికిస్తే మా అమ్మ కంసాలి కుంపటి ముందు నుంచి లేచేది కాదు. ఆ బుద్ధే నాకూ వచ్చింది. అతను రుద్దుతున్నంతసేపూ ఎదురుగా కుర్చీ వేసుకుని రెప్ప వేయకుండా చూసేవాణ్ణి.

ఒకరోజు అతనే అన్నాడు: "ఇంగ రుద్దితే లాభం లేదప్పా. కార్డు మార్సాల. కావాలంటే నేనే మంచిది సూసి తెస్తా."

అనుమానం ముదిరింది. పూతంతా గీకేసి, ఇప్పుడు కొత్తదానిలో కమీషను కొట్టాలని చూస్తున్నాడని యజమాని చెవిలో వేశాను. ఆయన అతన్ని పిలవడం మానేసి, అతను పనిచేసే మిగతా ఆఫీసుల్లోనూ ఆ మాట చెప్పాడు. ఆదోనిలో అతనికి పని పోయింది.

కార్డు ఎంచడానికి బళ్ళారికి నేనే పోయాను. కొట్టువాడు తెగ మెచ్చుకున్నదాన్ని వద్దన్నాను. మెచ్చుకోనిదాన్ని అడిగి తీసుకున్నాను. నా ఎదుటే కొట్టులోని కంప్యూటరుకు గుచ్చి చూపించాడు, బొమ్మ వచ్చింది. పొట్లం కట్టేటప్పుడు మార్చేస్తాడేమోనని, ఇంటి నుంచి తెచ్చుకున్న గోళ్ళరంగు తీసి బంగారు పళ్ళ పొడుగునా ఎర్రగా పూశాను. మార్చినా, గీకినా దొరికిపోవాలి.

ఆదోనిలో గుచ్చితే తెర నల్లగా ఉండిపోయింది. నా రంగు చెక్కు చెదరలేదు. అనుమానించడానికి మొదటిసారి నాకు మనిషి దొరకలేదు. వారం రోజులు క్లాసులు ఆగాయి. చివరికి యజమాని విసుక్కుని నన్ను ఎమ్మిగనూరుకే తోలాడు.

మెకానిక్ కార్డును వెలుగులో తిప్పి చూశాడు. "ఇదేందప్పా ఎర్రగా?"

దాచలేకపోయాను. రబ్బరు సంగతి, యజమానితో చెప్పిన చాడీ, అన్నీ చెప్పేశాను. అతను గుడ్డకు థిన్నరు అద్ది రంగు తుడిచాడు.

"కరెంటు పారే సోట రంగు పూస్తే బొమ్మ యాడనుంచి వస్తాదప్పా? పోయి పెట్టుకో, పనిచేస్తాది."

"మీరే వచ్చి గుచ్చిపోండన్నా. అందరికీ నిజం నేనే సెప్తాను."

"సెప్పు. నేను మాత్రం రాను. నువ్వట్ల సూస్తాంటే, నిజంగానే ఏదో ఎత్తుకుపోతాండానేమోనని ఇంటికి పోయి జేబులు సూసుకుంటాంటి."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మన్నించమన్నాను. అతను కార్డును పాత పేపరులో జాగ్రత్తగా చుట్టి నా చేతికిచ్చి, ఆదోని బస్సుకు టైమయిందని చెప్పాడు.