పాత వరుసలో పదకొండు శిలువలు

అలోయిస్ ఎకెర్లెకి డెబ్బై మూడేళ్ళు. ఫ్రాన్సులోని అల్సాస్ నుంచి ఒకప్పుడు ఓడలెక్కి వచ్చినవాళ్ళు కట్టుకున్న టెక్సాస్ ఊరు కాస్ట్రోవిల్. అక్కడ ఏ పాత ఇంటి గోడ పెచ్చులూడినా ముందు అతనికే కబురు వెళ్తుంది. సున్నం నానబెట్టి, ఇసక జల్లించి, రాళ్ళ సందుల్లో దట్టించి పైన పూత పూస్తాడు. సిమెంటు బస్తా కనబడితే మొహం తిప్పుకుంటాడు. "ఈ రాయికి ఊపిరాడాలి. సిమెంటు పూస్తే గొంతు పిసికినట్టే" అంటాడు. ముందు పొట్టిగా ఉండి వెనక్కి వాలుగా జారిపోయే ఆ ఇళ్ళ కప్పుల కింద ఎవరు పుట్టారో, ఏ అన్నదమ్ములు కొట్టుకుని మధ్యలో గోడ లేపారో అన్నీ అతనికి తెలుసు. అందుకే ఆదివారాలు ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళని తిప్పే పని కూడా అతని నెత్తిన పెట్టారు.

మెదీనా నది ఒడ్డున మొదలుపెట్టి, చర్చి దాటి, గుట్ట మీది సమాధుల దాకా తీసుకెళ్తాడు. గుట్ట మీద మాత్రం తిన్నగా నడవడు. రాతి పలకలున్న పెద్ద కుటుంబాల వైపు తిప్పి, ఎడమ పక్క గోడ వెంబడి ఉన్న పాత వరుస రాకముందే జనాన్ని గేటు వైపు మళ్ళిస్తాడు. అక్కడేముందని ఎవరైనా అడిగితే "పాములు" అంటాడు. టెక్సాస్‌లో ఆ మాట విన్నాక ఎవడూ ఇంకో అడుగు వెయ్యడు.

ఆ వరుసలో పాముల్లేవు. పదకొండు ఇనప శిలువలున్నాయి.

యాభై నాలుగేళ్ళ కిందటి మాట. అలోయిస్‌కి పంతొమ్మిది. ఏటా నవంబరు ఒకటిన, సకల పునీతుల పండగ రోజు, ఊరంతా గుట్టెక్కి తమవాళ్ళ సమాధుల దగ్గర దీపాలు పెడుతుంది. దానికి ముందు వారమంతా శుభ్రం చేసే పనే. గడ్డి పీకడం, రాళ్ళు కడగడం, ఇనప శిలువలకి నల్లరంగు వేసి పేర్లు తెల్లగా దిద్దడం. అప్పట్లో రాయి పెట్టించుకునే తాహతు లేనివాళ్ళని పాత వరుసలో పూడ్చారు. ఇనప శిలువ, దాని నడుమ ఒక రేకు ముక్క, రేకు మీద పేరు. అంతే. చాలామందికి వెనక ఎవరూ మిగల్లేదు. అందుకని ఆ వరుస కుర్రాళ్ళకి అప్పజెప్పేవారు. ఆ ఏడు అలోయిస్ వంతు.

పద్ధతి ప్రకారం శిలువని నేలలోంచి పెకలించకూడదు. నిలబెట్టే రంగు వెయ్యాలి. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కదానికీ గంట. సాయంత్రం ఊరి హాల్లో డ్యాన్సు ఉంది. అలోయిస్‌కి ఒళ్ళు మండింది. పదకొండింటినీ పీకి, చెట్టు నీడన పరిచి, ఒకేసారి తుప్పు గీకి రంగు పూసేశాడు. ఏది ఎక్కడిదో మర్చిపోకుండా, ప్రతి గుంత వెనకా గోడ మీద సుద్దతో పేరు రాసుకున్నాడు. తెలివైన పనే చేశాననుకున్నాడు. మూడింటికి వాన కురిసింది. అరగంట వాన. గోడ శుభ్రంగా కడిగినట్టు అయిపోయింది.

పదకొండు గుంతలు, పదకొండు శిలువలు. ఒక్కటి కూడా ఖాయంగా గుర్తులేదు. ఎవరినైనా పిలవచ్చు. ఫాదర్ దగ్గరికి వెళ్ళి తలవంచుకుని చెప్పచ్చు. అతను అవేవీ చెయ్యలేదు. తోచినట్టు పాతేసి, చేతులు కిరసనాయిలుతో కడుక్కుని డ్యాన్సుకి పోయాడు. ఆ సాయంత్రమే లియోనీ పరిచయమైంది. ఆర్నెల్లలో పెళ్ళి.

అసలు ముల్లు అది కాదు. పండగ రోజు సబీన్ అత్త దీపం పట్టుకుని వచ్చింది. ఆమె మొదటి బిడ్డ జోసెఫ్ ఎనిమిది నెలలకే పోతే ఆ వరుసలోనే పూడ్చారు. శిలువ ముందు నిలబడి గోడ వైపు చూసింది, నేల వైపు చూసింది.

"ఒరేయ్ అలోయిస్, మా వాడు గోడ మూలకి దగ్గరగా ఉండాలి కదరా? ఇంత దూరం జరిగాడేంటి?"

"ఎక్కడికీ జరగలేదత్తా. కళ్ళద్దాలు మార్పించుకో" అన్నాడు అలోయిస్ నవ్వుతూ.

పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. సబీన్ అత్త సిగ్గుపడి, ఆ శిలువ ముందే మోకరిల్లింది. పోయేదాకా పదకొండేళ్ళు అక్కడే మోకరిల్లింది. ఇప్పుడామె కూతురు క్లోటిల్డ్, తను కంటితో చూడని అన్న కోసం, ఏటా అక్కడే దీపం పెడుతుంది. క్లోటిల్డ్ ప్రతి పండగకీ అలోయిస్‌ని మెచ్చుకుంటుంది కూడా. "నువ్వుండబట్టి గానీ, లేకపోతే మా జోసెఫ్ పేరు ఎప్పుడో తుప్పట్టిపోయేది" అని. ఎందుకంటే యాభై నాలుగేళ్ళుగా ఆ వరుసకి అలోయిసే రంగు వేస్తున్నాడు. నిలబెట్టే వేస్తున్నాడు. మోకాళ్ళ మీద, ఒక్కొక్కదానికీ గంట.

ఈసారి అక్టోబరు చివర్లో అల్సాస్ నుంచి మార్త్ అనే ఆవిడ దిగింది. అరవై ఏళ్ళుంటాయి. బడి పంతులమ్మగా చేసి మానేసిందట. క్లోటిల్డ్ ఇంట్లో గది అద్దెకి తీసుకుంది. మొదటి సాయంత్రమే క్లోటిల్డ్ అందరికీ భోజనం పెట్టింది. ధనియాలు దట్టించిన సాసేజ్, పచ్చి గొడ్డుమాంసంలో చీజూ మిరియాలూ నిమ్మరసమూ కలిపిన పరీసా.

మార్త్ పరీసా గిన్నె వైపు అనుమానంగా చూసింది. "ఉడకబెట్టడం మర్చిపోయారా?"

"మీ ఊరి నుంచే తెచ్చాం అనుకున్నామే ఇన్నాళ్ళూ!" అంది క్లోటిల్డ్.

"మా ఊళ్ళో ఇలా తింటే డాక్టర్ని పిలుస్తారు."

లియోనీ తన భర్త అలోయిస్ వైపు వేలు చూపించింది. "ఈయన డెబ్బై ఏళ్ళుగా తింటున్నాడు. ఏమీ కాలేదు. మెదడుకి తప్ప."

అలోయిస్ తమ పాత భాషలో ఏదో జవాబిచ్చాడు. ఊళ్ళో ఆ భాష మాట్లాడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. మార్త్ చెంచా కింద పెట్టేసింది. "మళ్ళీ అనండి" అంది. అతను మళ్ళీ అన్నాడు. "మా ముత్తవ్వ అలా మాట్లాడేదని మా అమ్మ అనుకరించి చూపించేది. ఇప్పుడక్కడ ఎవరూ ఇలా మాట్లాడరు" అంది. ఆవిడ కళ్ళు తడిశాయి. అలోయిస్‌కి ఒక్క క్షణం తను చాలా గొప్పవాణ్ణనిపించింది.

ఆ క్షణమే ఆవిడ సంచీలోంచి ఖాళీ జామ్ సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"మా ముత్తవ్వ వాళ్ళ అక్క ఒడిల్. పంతొమ్మిదేళ్ళప్పుడు ఓడెక్కి ఇక్కడికొచ్చింది. మూడేళ్ళకే విషజ్వరంతో పోయింది. పండగ రోజు మా ఇంట్లో ఎప్పుడూ ఒక దీపం ఎక్కువ వెలిగించేవాళ్ళం. ఆ దీపానికి మా ఊళ్ళో సమాధి లేదు కదా, కిటికీలో పెట్టేవాళ్ళం. మా అమ్మ ఈ వసంతంలో పోయింది. పోయేముందు ఒక్కటే అడిగింది, ఒడిల్ సమాధి మట్టి తెచ్చి నా మీద వెయ్యమని."

"ఒడిలా? పాత వరుసలో ఉందిగా! నాకు పేరు తెలుసు. మా జోసెఫ్‌కి మూడోది" అంది క్లోటిల్డ్. "రేపు అలోయిస్ తీసుకెళ్తాడు. గుట్ట మీద ఎవరు ఎక్కడున్నారో ఆయనకంటే ఎవరికి తెలుసు?"

అలోయిస్ నోట్లో సాసేజ్ ముక్క ఉంది. దాన్ని నములుతూనే బుర్ర ఊపాడు.

మర్నాడు పొద్దున్నే గుట్ట ఎక్కారు. దారి పొడుగునా మార్త్ మాట్లాడుతూనే ఉంది. అలోయిస్ ఊఁ కొడుతూ నడిచాడు. లోపల ఒకటే లెక్క. చెప్పకపోతే ఏమవుతుంది? ఆవిడ మట్టి తీసుకుని విమానం ఎక్కేస్తుంది. వాళ్ళమ్మ మీద వేస్తుంది, ఏడుస్తుంది, మనసు తేలిక చేసుకుంటుంది. ఎవరికి నష్టం? మట్టి మట్టే. పదకొండింట ఒక పాలు అది నిజంగా ఒడిల్‌ది కావచ్చు కూడా.

ఇదే లెక్క అతను సబీన్ అత్త విషయంలోనూ వేశాడు.

ఒడిల్ పేరున్న శిలువ దగ్గర మార్త్ ఆగింది. వారం కిందట అలోయిస్ దిద్దిన తెల్లటి అక్షరాలు మెరుస్తున్నాయి. ఆవిడ వాటిని వేలితో తడిమి, మోకాళ్ళ మీద కూర్చుంది. సీసా మూత తీసింది. వంటింటి చెంచా ఒకటి జేబులోంచి తీసి నేలలోకి గుచ్చింది.

"ఆగండి" అన్నాడు అలోయిస్.

"అనుమతి కావాలా? ఫాదర్‌ని అడగాలా?"

"కాదు. ఆ కింద ఒడిల్ ఉందో లేదో నాకు తెలీదు."

ఆవిడ అర్థంకానట్టు చూసింది. అతను గోడ వైపు చూస్తూ మొత్తం చెప్పేశాడు. సుద్ద, వాన, డ్యాన్సు. సబీన్ అత్తని కళ్ళద్దాలు మార్చుకోమన్న మాట కూడా. అంతా కలిపి చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంత చిన్నదా ఇది, అని అతనికే ఆశ్చర్యమేసింది.

మార్త్ చెంచాకున్న మట్టి దులిపేసింది. దాన్ని జేబులో పెట్టుకుంది.

"ఈ వరుస దాటి మాత్రం పోలేదండీ. ఈ పదకొండు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంది. ఒక్కో చోటా ఒక్కో చెంచా తీసుకుంటే ఒడిల్ కచ్చితంగా వచ్చేస్తుంది" అన్నాడు అలోయిస్. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న ఉపాయమది.

"మా అమ్మకి ఊరూ పేరూ తెలియని పది మందితో ఏం పని?" అంది మార్త్. కోపంగా కూడా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు. "నాకెందుకు చెప్పావు? నేను రేపు కాకపోతే ఎల్లుండి వెళ్ళిపోయేదాన్ని."

"మోసం చెయ్యలేక."

"మరి క్లోటిల్డ్‌ని?"

అలోయిస్ గోడ సందులోని సున్నాన్ని గోటితో గీకాడు.

"నేను పరాయిదాన్ని కాబట్టి నాకు చెప్పడం తేలిక. నా మీద నీ బరువు కాస్త దించుకుని చూశావు" అంది. మూత బిగించి, ఒక్కతే గుట్ట దిగిపోయింది.

ఇంటికొచ్చి లియోనీకి చెప్పాడు. ఆవిడ గిన్నెలు తోముతూ విన్నది. చివరిదాకా వెనక్కి తిరగలేదు.

"అంటే ఆ రోజు నువ్వు పద్ధతిగా పని చేసుంటే మనం కలిసేవాళ్ళమే కాదన్నమాట."

"నీ కోసమే..."

"నోర్ముయ్. అప్పటికి నేనెవరో నీకు తెలీదు. బీరు కోసం పరిగెత్తావు, నేను ఎదురుపడ్డాను." గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది. "యాభై నాలుగేళ్ళు నా పక్కన పడుకుని ఈ మాట చెప్పలేదు నువ్వు. ఏటా ఆ వరుసకి రంగు వేస్తుంటే ఎంత భక్తి అనుకున్నాను. అందరికీ చెప్పుకున్నాను కూడా."

"ఏం చెయ్యమంటావు ఇప్పుడు?"

"నన్నడుగుతావేం? ఎల్లుండి ఊరంతా గుట్ట మీదే ఉంటుంది."

పండగ రోజు మధ్యాహ్నం ఎండ మెత్తగా ఉంది. ఫాదర్ పవిత్ర జలం చల్లుకుంటూ వరుస వరుసా తిరిగాడు. వెనక జనం, చేతుల్లో బంతిపూలు, గాజు గ్లాసుల్లో దీపాలు. పాత వరుస దగ్గరికి వచ్చేసరికి ఎప్పట్లాగే పల్చబడ్డారు. క్లోటిల్డ్ జోసెఫ్ శిలువ ముందు వంగబోతోంది.

"క్లోటిల్డ్, అక్కడ పెట్టకు" అన్నాడు అలోయిస్.

"ఏం, రంగు ఆరలేదా?"

"అది కాదు. మీ అమ్మ చెప్పిందే నిజం. జోసెఫ్ గోడ మూలకి దగ్గరగా ఉండేవాడు. శిలువలు నేనే తారుమారు చేశాను. నా పంతొమ్మిదో ఏట. ఆమెకి కళ్ళు బాగానే కనబడ్డాయి. నేనే అబద్ధమాడాను."

చుట్టూ ఉన్నవాళ్ళు ఆగారు. ఫాదర్ చేతిలో జలం చల్లే కుంచె గాల్లోనే ఉండిపోయింది. ఎవరో వెనక నుంచి "ఏమంటున్నాడు?" అని అడిగారు. ఇంకెవరో గుసగుసగా చెప్పారు.

క్లోటిల్డ్ నడుం నిటారుగా నిలబెట్టింది. "మా అమ్మ చివర్లో మతి తప్పిందనుకున్నాం" అంది మెల్లగా. "మంచం మీద కూడా అదే మాట. బిడ్డ జరిగాడు, బిడ్డ జరిగాడు అని. నేను విసుక్కున్నాను. విసుక్కున్నానురా, అలోయిస్."

అతను తలెత్తలేదు. ఈ సంగతి అతనికి తెలీదు. ఇన్నాళ్ళూ తన తప్పు గుట్ట మీదే ఉందనుకున్నాడు. అది ఆ ఇంటి మంచం దాకా వెళ్ళిందని ఇప్పుడే తెలిసింది.

"మూలకి దగ్గరంటే? ఎన్నోది?"

"తెలీదు. మొదటిదో, రెండోదో. చెప్పలేను."

"మరి ఈ దీపం ఎక్కడ పెట్టను?"

అలోయిస్ పదకొండు శిలువల వైపూ చూశాడు.

క్లోటిల్డ్ దీపం తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఎక్కడ పెట్టాలో తెలిసేదాకా నువ్వే పట్టుకో" అంది. శాలువా సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా గేటు వైపు నడిచింది. లియోనీ అతని దగ్గరికి రాలేదు. క్లోటిల్డ్ వెనకే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

జనం గుట్ట దిగసాగారు. కింద హాల్లో సాసేజ్ కాలుతున్న వాసన పైకి వస్తోంది. ఏటా ఈపాటికి భోజనాల వరుసలో అందరికంటే ముందు అలోయిసే ఉండేవాడు.

మార్త్ మాత్రం ఆగింది. సంచీలోంచి తనదీ ఒక దీపం తీసి వెలిగించింది. ఏ శిలువ దగ్గరికీ పోకుండా గోడ మీద, ఒక రాయి ఎగుడుగా ఉన్నచోట నిలబెట్టింది.

"ఈ దీపానికి సమాధి ఎప్పుడూ లేదు. నాకు అలవాటే" అంది. సీసా సంచీలో ఖాళీగానే ఉంది.

ఆవిడ కూడా వెళ్ళిపోయింది. గ్లాసు అంచు వేడెక్కుతోంది. అలోయిస్ వేళ్ళు కాలుతున్నాయి. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు గానీ, కింద పెట్టలేదు.