గాజు మూత కింద పొగ

మా బాపు గోదావరిఖనిలో ఏళ్ల తరబడి బొగ్గుబావి దిగిన మనిషి. రిటైరయ్యాక ఆయనకు అన్నం సయించడం మానేసింది. అమ్మ వంటలో లోపమేమీ లేదు. బావి లోపల డ్యూటీలో నలుగురూ టిఫిన్లు విప్పి మధ్యలో పెట్టుకుని, ఒకరి కూర ఒకరు తినేవాళ్లట. పక్కవాడు ఉత్త చేతులతో కూర్చుంటే ఎవరికీ ముద్ద దిగేది కాదట. ఇప్పుడు ఒక్కడే కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి లేచిపోతాడు. చూస్తే నాకు కోపం, దిగులు రెండూ వచ్చేవి.

అందుకే బాపు కంటి పరీక్షకని హైదరాబాద్ వెళ్లినప్పుడు, మధ్యాహ్నం ఆయన్ని ఒక స్పెయిన్ వంటాయన హోటల్‌కు తీసుకెళ్లాను. దేశాలన్నీ తిరిగినవాడు, ఆయన వంట తింటే చచ్చిన నాలుక లేచి కూర్చుంటుందని మా స్కూల్లో తోటి టీచర్ ఊరించింది.

బాపు చెప్పులు బల్ల కింద విప్పేసి కూర్చున్నాడు. పళ్లెం చేటంత, అందులో కూర చెంచాడు.

"గిది రుచి చూసెతందుకా, తినెతందుకా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. దారిలో పడుతున్నాడులే అనుకున్నాను.

తర్వాత గాజు మూత కింద మాంసం వచ్చింది. వడ్డించే అమ్మాయి మూత ఎత్తగానే గుప్పున పొగ లేచింది.

బాపు కుర్చీ వెనక్కి పడిపోయింది. నా మణికట్టు పట్టి లాగాడు.

"లే! పొగ! అందరు బయటికి నడువుండ్రి, జల్ది!"

బావిలో పొగ వాసన తగిలితే ప్రశ్నలుండవు, మనుషులు బయటపడాలి, అంతే. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా తల కొట్టేసినట్టయి, "బాపూ, అది వంట! కూర్చో!" అని కసిరి చెయ్యి విదిలించుకున్నాను.

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. బాపు పడిపోయిన కుర్చీని తనే ఎత్తి పెట్టాడు.

"నీ ఇజ్జత్ తీసిన బిడ్డా. ఇంటికి పోదాం పా."

ఇప్పుడు లేచిపోతే ఈయన ఇక ఎక్కడికీ రాడు, ఏదీ ఇష్టంగా నోట పెట్టడు అని భయమేసింది.

గోల విని వంటాయనే వచ్చాడు. ఇంగ్లీషులో సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఓడల్లో వండేటప్పుడు పొగ కనిపిస్తే నేనూ ముందు మనుషుల్నే లేపేవాణ్ణి, పెద్దాయనకు చెప్పండి" అన్నాడు. చెప్పాను. బాపు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"పొద్దటి సంది ఏమన్న తిన్నవా తమ్మీ?" అని తెలుగులోనే అడిగి, పళ్లెం మధ్యకు జరిపాడు.

నేను నోరు విప్పేలోపే వంటాయన కూర్చుని, చేత్తోనే ఒక ముక్క తీసుకున్నాడు. అప్పుడు తిన్నాడు బాపు. పళ్లెం ఊడ్చినట్టు తిన్నాడు.

తిరుగు బస్సులో నా మణికట్టు మీద వేళ్ల అచ్చులు ఎర్రగా కనిపించాయి.

"గట్టిగ పట్టిన్నా బిడ్డా? నొస్తుందా?"

"లేదు బాపూ" అన్నాను. నొస్తోంది. పొగ అనుకున్న ఆ క్షణంలో ఆయన చెప్పుల కోసం కూడా వెతుక్కోలేదు, నా చెయ్యే పట్టుకున్నాడు. దాన్నే నేను విదిలించుకున్నాను.

మా ఊరొచ్చేదాకా ఆ చెయ్యి ఆయన చేతిలో పెట్టి కూర్చున్నాను.